ఒక్క బిట్టు తిరిగితే కడప గడప

బంగారుతల్లికి, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నవన్నీ విన్నాను. చిన్నోడి ఆటల వల్లే కంప్యూటర్ పాడైందని అక్క, అక్క ఏదో డౌన్‌లోడ్ చేసిందని చిన్నోడు. మీ అమ్మ ఇద్దరికీ కలిపి పెట్టింది. నాకైతే తప్పు మీ ఇద్దరిదీ కాదనిపిస్తోంది. కంప్యూటర్ ఆగిపోయినప్పుడు వచ్చే నీలం తెర మీద ప్రతిసారీ వేరే పేరు వస్తోందని పాప అంది చూడు, నాకు అక్కడే అనుమానం తగిలింది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్, మరోసారి నోరు తిరగని ఐఆర్‌క్యూఎల్ ఏదో. జబ్బు రోజుకో పేరు చెబుతోందంటే నేను ముందు ర్యామ్‌నే అనుమానిస్తా. పోయినేడు నా కంప్యూటర్‌కి వచ్చింది కూడా అదే.

ర్యామ్ అంటే ఏమిటో కాస్త చెప్తా. కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు లెక్కలు రాసుకునే పలక అది. అందులో ఒక్కో బిట్టుకి, అంటే ఒక్కో సున్నాకో ఒకటికో, ఛార్జి దాచుకునే ఒక్కో బుల్లి కెపాసిటర్ ఉంటుంది. ఛార్జి నిండితే ఒకటి, లేకపోతే సున్నా. 1968లో ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది. చిక్కేమిటంటే అవన్నీ చిల్లు కుండలే. నీళ్లు కారిపోయేలోపు మళ్లీ నింపుకుంటూ ఉండాలి. మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి అన్నిటినీ చదివి మళ్లీ నింపుతారు. మీ 8 జీబీ ర్యామ్ స్టిక్‌లో (చిప్పులు అతికించిన చిన్న పట్టీ) అలాంటి కుండలు 6,871 కోట్ల పైచిలుకు. అందులో ఒక్కదానికి చిల్లు కాస్త పెద్దదైతే చాలు, నింపేవాడు తిరిగొచ్చేసరికి ఖాళీ. వేడెక్కితే ఇంకా త్వరగా కారుతుంది. మధ్యాహ్నాలే ఎక్కువగా ఆగిపోతోందని మీరన్నది గుర్తుందా?

ఒక్క బిట్టు తప్పితే ఏమవుతుందంటారా? కంప్యూటర్‌కి అక్షరాలన్నీ అంకెలే. యూనికోడ్‌లో ‘క’ అంటే 3093, ‘గ’ అంటే 3095. వాటిని సున్నాలు, ఒకట్లలో రాస్తే ఇలా ఉంటాయి: 110000010101, 110000010111. వేలు పెట్టి చూసుకోండి, ఒక్కచోటే తేడా. ఆ ఒక్క కుండా తప్పిందంటే మన కడప కాస్తా గడప అయిపోతుంది! (తిరుమలకు గడప కాబట్టే కడప అయిందని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. పాపం, ర్యామ్‌కి ఆ సంగతి తెలిసి తిప్పదు.) ఆ చెడ్డ చోట అక్షరం పడితే తప్పు అక్షరం వస్తుంది, ఫోటో పడితే సగం బూడిదరంగులోకి పోతుంది, విండోస్ తన సొంత లెక్కలు పెట్టుకుంటే నీలం తెరే. ఏ రోజు ఏది అక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. అందుకే రోజుకో పేరు.

బిట్టు ఒక్కసారి తిరిగినంత మాత్రాన స్టిక్ చెడిపోయినట్టు కాదు సుమా. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఎన్నికలు జరిగితే ఒక అభ్యర్థికి మెషీన్‌లో 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. 4096 అంటే రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే ఒకే ఒక్క బిట్టు. ఎంత వెతికినా మెషీన్‌లో తప్పు దొరక్క, అంతరిక్షం నుంచి వచ్చిన కణమేదో తగిలి ఉంటుందన్నారు. అలాంటిది ఎప్పుడో ఒకసారి. మీకు రోజూ మూడుసార్లంటే ఆకాశాన్ని తిట్టి లాభం లేదు.

నా సంగతికొస్తే, నేను చేసిన మొదటి పని అన్నిటికన్నా తెలివితక్కువది. విండోస్ మళ్లీ ఎక్కించబోయాను. ఒకసారి 30 శాతం దగ్గర, ఒకసారి 70 దగ్గర, వేర్వేరు ఫైళ్ల పేర్లు చెప్పి ఆగిపోయింది. చెడ్డ ర్యామ్ గుండా వెళ్లే ఫైలు ఏదైనా పాడయ్యే ప్రమాదం ఉంది మరి. మీరు కూడా ఇప్పుడు ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేద్దామని కూర్చోకండి. కాపీ అయినట్టే ఉంటుంది, తెరిస్తే తెలుస్తుంది. రిపేరు షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా మదర్‌బోర్డు పోయిందన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ముప్పై ఏళ్లు కరెంటు డిపార్టుమెంటులో చేసినవాణ్ణి. 11 కేవీ ఫీడరు, అంటే ఊరికి కరెంటు తెచ్చే లైను, ట్రిప్ అయితే ఊళ్లో స్తంభాలన్నీ ఎక్కం. మధ్యలో లైనుని విడదీసే ఏబీ స్విచ్ విప్పి, ఇవతలి సగానికి సప్లై ఇచ్చి చూస్తాం. నిలబడితే ఫాల్ట్ అవతల ఉన్నట్టు. ర్యామ్‌కీ అదే చేశాను.

ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఎక్స్‌ఎంపీ అనేది ఆన్‌లో ఉంటే ఆపండి. అది ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా పరిగెత్తిస్తుంది. ఒక్కోసారి జబ్బంతా అదే, ఖర్చు లేకుండా పోతుంది. పోకపోతే పరీక్ష పెట్టాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒకటి ఉంది కానీ, నాకు దాని మీద అంత గురి లేదు. నాకు అది అంతా బాగుందనే చెప్పింది. మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉచితమే, వేరే మంచి కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించుకుని విండోస్‌తో కాకుండా దాంతోనే కంప్యూటర్ బూట్ చేయాలి, అంటే మొదలుపెట్టాలి. అది ప్రతి కుండలో ఒకట్లు పోసి చూస్తుంది, తర్వాత సున్నాలు, తర్వాత పక్క కుండను కదిలిస్తే ఇది తొణుకుతుందా అని రకరకాలుగా. తప్పు దొరికితే ఎర్రగా చూపించి, ఏ అడ్రసులో దొరికిందో కూడా రాస్తుంది. ఒక్క తప్పైనా తప్పే. ‘రెండే కదా’ అనడానికి లేదు.

తప్పు కనబడితే అప్పుడు మూత తీయాలి. ఇది నాన్న పక్కనుంటేనే. గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము తాకి, అప్పుడు స్టిక్ ముట్టుకోవాలి. ఒంటి మీది స్టాటిక్ చాలు చిప్పుని చంపడానికి. బంగారు పూత కాళ్లను వేళ్లతో పట్టుకోకండి. రెండు స్టిక్కులనూ తీసి, ఒకటే పెట్టి పరీక్షించాలి. తర్వాత అదే స్లాటులో, అంటే స్టిక్ దిగే గాడిలో, రెండోది. స్టిక్ మార్చినప్పుడు స్లాటు మార్చకూడదు, స్లాటు మార్చినప్పుడు స్టిక్ మార్చకూడదు. చిన్నోడా, నీకే చెప్తున్నా, రెండూ ఒకేసారి మార్చేస్తావు నువ్వు. తప్పు స్టిక్‌తోపాటు వెళ్తే స్టిక్‌ది, ఏ స్టిక్ పెట్టినా అదే స్లాటులో వస్తే స్లాటుది. రెండు స్టిక్కులూ అన్ని స్లాటుల్లోనూ తప్పులు చూపిస్తే పవర్ సప్లైనో, మదర్‌బోర్డునో అనుమానించాలి. స్టిక్‌లోని గాటు స్లాటులోని గట్టుతో కలిస్తేనే దిగుతుంది, బలవంతం వద్దు. రెండు వైపులా టక్కుమనాలి. ఒక్కోసారి తీసి మళ్లీ గట్టిగా పెట్టడంతోనే బాగైపోతుంది, లోపల దుమ్ము అంతే.

నాకు రెండో స్టిక్‌లో దొరికింది, మూడు రాత్రులూ దగ్గరదగ్గర అడ్రసుల్లోనే. బిల్లు మీ అవ్వ బియ్యం డబ్బా వెనక దాచిపెట్టి ఉంచింది కాబట్టి వారంటీలో కొత్తది ఇచ్చారు. మదర్‌బోర్డు ఇప్పటికీ అదే.

పరీక్ష శనివారం రాత్రి పెట్టి పడుకోండి, ఒక్క రౌండుతో ఆపొద్దు. మధ్యలో కరెంటు పోతే మా డిపార్టుమెంటుని తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి, పోయేదేం లేదు. పొద్దున ఎర్ర గీతలుంటే ఫోటో తీసి నాకు పంపండి, అడ్రసు అంకెలు కనబడేలా. చెయ్యి వణక్కుండా తియ్యమని చిన్నోడికి చెప్పు.

మీ తాత