ధ్వనిని దాటే కొస: కొరడా మోగించడం నేర్చుకునేవాళ్ల కోసం

కొరడా ఛెళ్లుమంటే అది దేనికో తగిలి ఉంటుందనుకుంటారు చాలామంది. నేలకు తగిలిందనో, తోలు తోలుకు కొట్టుకుందనో ఊహిస్తారు. అదేమీ కాదు. ఖాళీ గాలిలో, ఏ వస్తువునూ తాకకుండానే కొరడా మోగుతుంది. దాని కొసన ఉండే చిన్న దారపు కుచ్చు లిప్తకాలం పాటు ధ్వనివేగాన్ని దాటేస్తుంది. అంత వేగంగా వచ్చేసరికి గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. ఒక్కసారిగా నొక్కుకుపోయిన ఆ గాలే షాక్‌వేవ్‌గా బయలుదేరి మన చెవిని చేరుతుంది. సూపర్‌సోనిక్ విమానం పుట్టించే సోనిక్ బూమ్ కూడా ఇదే, కాకపోతే అది చాలా పెద్దది.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు, అంటే గంటకు సుమారు 1235 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. సమతలంగా ఎగురుతూ అమెరికా పైలట్ చక్ యేగర్ బెల్ ఎక్స్-1 విమానంలో ధ్వనివేగాన్ని దాటింది 1947 అక్టోబర్ 14న. పశువులను అదిలించే మనుషుల చేతుల్లో కొరడా కొస అంతకు ఎన్నో తరాల ముందే ఆ హద్దు దాటింది.

ఇక్కడ కొత్తవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ వేగం భుజబలంతో వచ్చేది కాదు. కొరడా ఆకారం, చెయ్యి కదిలిన దారి, చెయ్యి ఆగిన క్షణం కలిసి దాన్ని పుట్టిస్తాయి. బలమంతా పెట్టి విసిరితే మోత సరిగా రాదు, పైగా కొరడా అదుపు తప్పి ఒంటికే తగులుతుంది. కాబట్టి కొరడాను చక్కగా మోగించే పద్ధతి, దెబ్బ తగలకుండా మోగించే పద్ధతి వేర్వేరు కావు. ఈ మాట బుర్రకెక్కాలంటే కొరడాలో జరిగేదేమిటో కొంచెం తెలియాలి.

మోతకు కారణం ధ్వనివేగాన్ని దాటడమేనని 1905లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఒటో లుమ్మర్ ఊహించాడు. 1927లో కారియేర్ అనే శాస్త్రవేత్త కొరడా కొస దగ్గర పుట్టే షాక్‌వేవ్ నీడను ఫొటో తీసి ఆ ఊహకు బలం చేకూర్చాడు. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. కొస ధ్వనివేగాన్ని అందుకున్న క్షణంలోనే మోత పుట్టాలి కదా? 1998లో జర్మనీలోని ఎర్నస్ట్ మాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పీటర్ క్రెల్, సహచరులు అత్యంత వేగంగా ఫొటోలు తీసి చూస్తే, షాక్‌వేవ్ వెలువడే సమయానికి కొస ధ్వనికి సుమారు రెట్టింపు వేగంలో ఉంది. ఆ దశలో కొస మీద త్వరణం భూమ్యాకర్షణకు 50 వేల రెట్ల దాకా వెళ్లింది.

ఈ ముడిని 2002లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో అలాన్ గొరియెలీ, టైలర్ మెక్‌మిలన్ విప్పారు. మోతకు అసలు కర్త కొస కాదు, కొరడా పొడవునా పరిగెత్తే వంపు. చెయ్యి ముందుకు వచ్చి ఆగితే కొరడాలో ఒక వంపు ఏర్పడి, పిడి వైపు నుంచి కొస వైపు దొర్లుతూ పోతుంది. దొర్లే బండి చక్రాన్ని గమనించండి. నేలను తాకిన చోటు ఆ క్షణానికి కదలదు, ఇరుసు బండి వేగంతో వెళ్తుంది, చక్రం పైఅంచు మాత్రం ఇరుసుకు రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. కొరడాలోనూ అంతే. వంపు దాటిపోయిన భాగం దాదాపు నిలకడగా ఉంటుంది, వంపు ఒక వేగంతో నడుస్తుంది, ఇంకా తెరుచుకోని భాగం, అంటే కొస, దానికి రెట్టింపు వేగంతో ఎగురుతుంది. వంపు ధ్వనివేగాన్ని అందుకున్నప్పుడు మోత వస్తుంది. అప్పటికి కొస రెట్టింపు వేగంలో ఉండటంలో వింతేమీ లేదు.

వంపుకు దారిలో అంత వేగం ఇచ్చేది కొరడా సన్నబడటం. పిడి దగ్గర లావుగా, బరువుగా ఉండే అల్లిక కొసకు వచ్చేసరికి పుల్లంత అవుతుంది. చెయ్యి ఇచ్చిన శక్తి పోనుపోను తక్కువ ద్రవ్యరాశిలోకి చేరుతుంది. గతిజశక్తి ద్రవ్యరాశిని బట్టీ, వేగం వర్గాన్ని బట్టీ ఉంటుంది కాబట్టి, అదే శక్తి నాలుగో వంతు ద్రవ్యరాశిలోకి చేరితే వేగం రెట్టింపవుతుంది. తొలి వేగానికి 30 రెట్లకు పైగా వేగం కొసలో కనిపించేది ఇలాగే. శక్తిని కూడబెట్టే పని కొరడాదే. మనం చెయ్యాల్సిందల్లా వంపును శుభ్రంగా పుట్టించి, దాని దారికి అడ్డం రాకుండా ఉండటం.

పొడవాటి తోక ఉన్న డైనోసార్లు కూడా ఇలాగే మోత పుట్టించాయేమోనని 1997లో నేథన్ మీర్‌వోల్డ్, ఫిలిప్ కరీ అనే పరిశోధకులు లెక్కలు వేశారు. వినడానికి ఎంతో బాగున్న ఆలోచన. కానీ 2022లో వచ్చిన మరో అధ్యయనం, ఎముకా కండా ఉన్న తోక అంత వేగాన్ని తట్టుకోలేదని, సెకనుకు 30 మీటర్లకు కాస్త పైనే ఆగిపోతుందని చూపింది. తోలు, నైలాన్ తట్టుకునే ఒత్తిడి ఒళ్లు తట్టుకోలేదు. కొరడా కొసను ఒంటికి తాకనివ్వకూడదు అనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు.

ఇక చేతిలోకి తీసుకుందాం. బుల్‌విప్ అనే రకం కొరడాకు పొట్టి పిడి, దాని నుంచి మొదలయ్యే పొడవాటి అల్లిక, అల్లిక చివర ఒకే పట్టీ, ఆ పట్టీకి ముడి వేసిన దారపు కుచ్చు ఉంటాయి. ఆ పట్టీని ఫాల్ అంటారు, కుచ్చును క్రాకర్ అంటారు. మొదటి కొరడాకు ఆరు నుంచి ఎనిమిది అడుగుల పొడవు సరిపోతుంది. పొట్టిదైతే సులువని కొందరు నాలుగడుగుల దాన్ని కొంటారు. అది పొరపాటు. పొట్టి కొరడాలో అంతా చాలా త్వరగా జరిగిపోతుంది, సర్దుకునే సమయం దొరకదు. పదడుగులు దాటితే బరువు, దాన్ని నేల మీద తిన్నగా పరవడమే కష్టం. తోలుదే కావాలనీ లేదు. అల్లిక బిగువుగా, క్రమంగా సన్నబడుతూ ఉంటే నైలాన్ కొరడా నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

రక్షణ విషయంలో రాజీ లేనిది కళ్లద్దాలు. పక్కలు కూడా మూసే సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకోకుండా ఒక్కసారి కూడా కొరడా ఎత్తవద్దు. చర్మం మీది గాటు మానుతుంది, కనుగుడ్డు మీది దెబ్బకు ఆ హామీ లేదు. అంచున్న టోపీ, మందపాటి పొడుగు చేతుల చొక్కా, జీన్స్, చెవులకు ఇయర్‌ప్లగ్స్ కూడా ఉండాలి. చెవులను తేలిగ్గా తీసుకోకండి. షాక్‌వేవ్ పుట్టేది మీ తలకు కొద్ది దూరంలోనే, సాధన చేస్తే అది మళ్లీ మళ్లీ పుడుతుంది.

చోటు విశాలంగా ఉండాలి. కొరడా పొడవుకు చెయ్యి పొడవు కలిపి, దానికి రెట్టింపు దూరం చుట్టూ ఖాళీగా ఉంచడం మంచిది. వెనక్కి తిరిగి చూడటం మర్చిపోకండి, ఎందుకంటే ప్రతి విసురులోనూ కొరడా సగం ప్రయాణం మీ వెనకే చేస్తుంది. పైన తీగలు, కొమ్మలు ఉండకూడదు. సిమెంటు, కంకర నేల కొరడాను అరగదీస్తుంది, గడ్డి నేల మేలు. ఎవరైనా దగ్గరికి వస్తే కొరడాను నేలకు వదిలేసి, వాళ్లు దాటాకే మళ్లీ మొదలుపెట్టండి.

మొదట మోత గురించి ఆలోచించవద్దు. కొరడాను మీ ముందు నేల మీద తిన్నగా పరచండి. కుడిచేతి వాళ్లయితే అది కుడి భుజానికి కాస్త బయటగా ఉండాలి. చేతిని నెమ్మదిగా, నిటారుగా పైకెత్తండి. కొరడా నేల విడిచి పైకి లేచి, భుజం పక్కగా వెనక్కి సాగుతుంది. చెయ్యి చెవి పైకి చేరింది, కొరడా ఇంకా వెనక్కే పోతోంది. సరిగ్గా అప్పుడు మోచేతిని ముందుకు తెచ్చి, పిడిని ఎదురుగా చూపించి ఆపండి. పిడి ముందుకు, తాడు వెనక్కి వెళ్తున్న ఆ కలయికలోనే వంపు పుడుతుంది. చెయ్యి ఆగిపోయాక అది మీ ముందుకు దొర్లిపోయి, కొసన విప్పుకుంటుంది. మోత రాకపోయినా ఫరవాలేదు. కొరడా ప్రతిసారీ ముందు తిన్నగా పడుతోందా లేదా అన్నదే గమనించండి. తిన్నగా పడటం కుదిరితే, అదే కదలికను రవ్వంత చురుగ్గా చేసినా శబ్దం దానంతటదే వస్తుంది.

పిడి ఏ దారిలో నడిస్తే కొరడా ఆ దారినే వస్తుంది. చాలామందికి మణికట్టు తెలియకుండానే లోపలికి తిరుగుతుంది. అప్పుడు కొరడా నడిచే తలం తల వైపు ఒరిగి, మెడకో చెవికో దెబ్బ తగులుతుంది. తలాన్ని కావాలనే కొంచెం బయటికి వంచి ఉంచితే ఈ ప్రమాదం తప్పుతుంది. ఇంకో తప్పు, మోత రాలేదన్న కోపంతో చివర్లో వెనక్కి గుంజడం. గుంజితే కొస నేరుగా మొహం మీదికే వస్తుంది. కొస గడ్డిలోనో కంపలోనో చిక్కుకున్నా లాగవద్దు. లాగితే తాడు సాగి, విడివడ్డ మరుక్షణం మీ వైపు ఎగురుతుంది. నడిచి వెళ్లి చేత్తో విడిపించండి. ఎదురుగాలి కూడా కొసను వెనక్కి తోస్తుంది కాబట్టి గాలికి వీపు పెట్టి నిలబడటం మంచిది.

ఇంకొకరి చేతిలోని కాగితాన్నో, పువ్వునో కొరడాతో కొట్టే విన్యాసాలు ప్రదర్శనల్లో కనిపిస్తాయి. నేర్చుకునే దశలో వాటి జోలికి పోనే వద్దు. అవతలి మనిషి ఎంత నమ్మకంగా ముందుకొచ్చినా వద్దు.

క్రాకర్‌ను తరచుగా చేతిలోకి తీసుకుని చూడండి. కొత్తదాని కొస పురి చెదరని దారంలా ఉంటుంది. కాసేపు మోగించాక పోగులు విడివిడిగా విచ్చుకుని, దూదిలా మెత్తబడతాయి. ధ్వని కంటే వేగంగా గాలిని చీల్చినందుకు ఆ పోగులు చెల్లించే మూల్యం అది. కుచ్చు బాగా అరిగి పొట్టిదైతే మార్చేయండి. క్రాకర్ లేకుండా మోగిస్తే ఆ దెబ్బ ఫాల్ మీద పడి, పట్టీ కొస చీలిపోతుంది. క్రాకర్ బదులు తీగ గానీ, గట్టి ప్లాస్టిక్ దారం గానీ కట్టవద్దు, అంత వేగంలో అవి కత్తితో సమానం. విసిరేటప్పుడు ఫాల్‌లో తెలియకుండా పడే ముడిని కూడా కనిపెట్టి విప్పాలి. ముడి ఉన్న చోట బరువు పెరిగి వంపు దారి తప్పుతుంది, తగిలితే దెబ్బ కూడా గట్టిగానే ఉంటుంది. చెయ్యి అలిసిందంటే, ఆ ముడి విప్పాక కొరడాను చుట్టి పెట్టేయండి.