ఒకరు ఆడితే ముగ్గురు చూసిన ఆట

ఒక బల్ల చుట్టూ ఐదుగురు, మాటలతో, పాచికలతో కథను నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట ఆడుతున్నారు. కథ నడిపే గేమ్ మాస్టర్ ఒకరు, పాత్రలు ధరించేవారు నలుగురు. ఆ నాలుగు పాత్రలూ ఒక కంపెనీ భవనం వెనుక గోడ చాటున నక్కి ఉన్నాయి. తలుపు తెరుచుకోవాలంటే హ్యాకర్ లోపలి కంప్యూటర్‌లోకి చొరబడాలి. హ్యాకర్ పాచికలు వేయడం మొదలుపెడతాడు. అరగంట గడిచినా మిగతా మూడు పాత్రలు గోడ చాటునే ఉంటాయి. వాటిని ఆడాల్సిన ముగ్గురూ లేచి తిండి తెచ్చుకోవడానికి వెళ్లిపోతారు. అమెరికా ఆటగాళ్లలో హ్యాకర్ వంతు అంటే పిజ్జా తెప్పించుకునే వేళ అని పేరు పడిపోయింది.

దీనికి గేమ్ మాస్టర్ చేతకానితనమే కారణమని నిందించడం అన్యాయం. చిక్కు ఈ ఆటల పునాదిలోనే ఉంది.

1974లో వచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటకు మరుసటి ఏడాదే దొంగ పాత్ర చేరింది. తాళం తీయడానికి ఆ దొంగ పాచికలు ఒక్కసారి వేస్తే చాలు, తీయగలిగాడో లేదో తేలిపోతుంది. నేలమాళిగలో గదిగదికీ తిరిగేది మాత్రం అందరూ కలిసే. 1984లో విలియం గిబ్సన్ నవల న్యూరోమాన్సర్ హ్యాకింగ్‌కు వేరే రూపం ఇచ్చింది. అందులో కంప్యూటర్ల వల ఒక ప్రదేశం. హ్యాకర్ శరీరాన్ని ఇక్కడే వదిలి మనసుతో అక్కడ తిరుగుతాడు. ఆ ఊహ మీదే 1988లో మైక్ పాండ్‌స్మిత్ సైబర్‌పంక్, 1989లో ఫాసా సంస్థ షాడోరన్ అనే ఆటలు వచ్చాయి.

రూపకర్తల చేతిలో అప్పటికే నలిగిన పనిముట్టు నేలమాళిగ పటం. షాడోరన్ మొదటి కూర్పులో కంప్యూటర్ వ్యవస్థను అలాగే గీశారు. గదుల బదులు నోడ్‌లు అనే కూడళ్లు, నడవాల బదులు గీతలు, రాక్షసుల బదులు ఐస్ అనే కాపలా ప్రోగ్రాములు. చూడడానికి ముచ్చటగానే ఉంది, కానీ ఆ నేలమాళిగలోకి దిగేది డెక్కర్ (ఆ ఆటలో హ్యాకర్ పేరు) ఒక్కడే. పైగా కథలో వలలోని పనులు ఆలోచనంత వేగంగా జరుగుతాయి. బల్ల దగ్గర అరగంట పట్టిన చొరబాటుకు కథలో కొన్ని క్షణాలే. గోడ చాటున ఉన్నవారు ఏదైనా చేద్దామన్నా వారికి సమయమే లేదు. అసలు దోషం ఇక్కడుందని నా నమ్మకం. పటాలు రెండవడం ఒక్కటే అయితే సర్దుకునేవారు. గడియారాలు కూడా రెండయ్యాయి.

ఆ రోజుల్లో ఈ ఊహలకు ఎంత బరువుండేదో చెప్పే ఘటన ఒకటుంది. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ ఆస్టిన్‌లోని స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల ప్రచురణ సంస్థ కార్యాలయంపై దాడి చేసి, అచ్చుకు సిద్ధమవుతున్న గర్ప్స్ సైబర్‌పంక్ అనే ఆట పుస్తకం రాతప్రతిని కంప్యూటర్లతో సహా పట్టుకుపోయింది. 1993లో కోర్టు సంస్థకు 50 వేల డాలర్లకు పైగా పరిహారం ఇప్పించింది.

బల్ల దగ్గర మాత్రం చాలామంది అడ్డదారి పట్టారు. హ్యాకర్ పాత్రను ఆటగాళ్లకు ఇవ్వకుండా గేమ్ మాస్టరే ఉంచుకుని, ‘అతను తలుపు తెరిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. విసుగు పోయింది. కానీ హ్యాకర్ కావాలనే కోరికతో ఈ ఆటకు వచ్చిన మనిషికి ఏం మిగిలింది?

అందుకే తర్వాతి కూర్పులన్నీ హ్యాకర్ శరీరాన్ని తిరిగి జట్టు దగ్గరికి లాగడానికి ప్రయత్నించాయి. 2005 నాటి షాడోరన్ నాలుగో కూర్పు వలను వైర్‌లెస్ చేసింది. హ్యాకర్ జట్టుతో నడుస్తూనే కెమెరాలను, తాళాలను లోబరుచుకోవచ్చు. 2013లో ఐదో కూర్పు దూరం పెరిగేకొద్దీ హ్యాకింగ్‌కు అవరోధం పెంచింది.

నాకు బాగా నచ్చిన పరిష్కారం 2020లో వచ్చిన సైబర్‌పంక్ రెడ్‌ది. పాత ప్రపంచవ్యాప్త వల కథలోనే కూలిపోయింది. ఇప్పుడు నెట్‌రన్నర్ (ఈ ఆటలో హ్యాకర్ పేరు) భవనంలోకి వెళ్లి, అనుసంధాన బిందువుకు 6 మీటర్ల లోపు నిలబడాలి. కంప్యూటర్ వ్యవస్థ లిఫ్టులా అంతస్తులుగా ఉంటుంది. నెట్‌రన్నర్ పనులు అందరి వంతుల మధ్యే జరుగుతాయి. తుపాకీ పట్టినవాడు నడవాలో కాపలావాడిని ఆపుతాడు. నెట్‌రన్నర్ ఒక అంతస్తు దిగి పాస్‌వర్డ్ ఛేదిస్తాడు. కాపలావాడు తిరిగి కాలుస్తాడు. మళ్లీ నెట్‌రన్నర్ వంతు వచ్చేసరికి, తలుపు మీటను అందుకోవాలా, తల వంచి తూటా తప్పించుకోవాలా అన్నది అందరి సమస్య అవుతుంది. ఎవరూ బల్ల వదిలి వెళ్లరు.

అయినా పాత జబ్బు పూర్తిగా పోలేదు. ఆ పుస్తకంలో అంతస్తుల సంఖ్య తేల్చేందుకు మూడు పాచికలు వేయమన్నారు, అంటే 3 నుంచి 18 దాకా రావచ్చు. 18 అంతస్తులంటే పాత అరగంటే మళ్లీ వస్తుంది. పాచిక ఏం చెప్పినా సరే, నేను నాలుగు అంతస్తులు దాటనివ్వను.