ఔటర్ లీజు: రూ.7,380 కోట్ల లెక్క ఎక్కడ మొదలైంది?

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుపై టోల్ పెరిగినప్పుడల్లా 2023 నాటి లీజు మళ్లీ రచ్చకెక్కుతోంది. 2025 ఏప్రిల్‌లో కార్లకు కిలోమీటరుకు 10 పైసలు పెంచినప్పుడూ అంతే. 158 కిలోమీటర్ల రోడ్డును 30 ఏళ్లకు రూ.7,380 కోట్లకు ప్రైవేటు రోడ్ల కంపెనీ ఐఆర్‌బీకి అప్పగించిన తీరుపై సిట్ వేస్తామని 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో ప్రకటించారు. వాదనంతా టెండరు చుట్టూనే నడుస్తోంది గానీ, అసలు మలుపు రోడ్డు వేసేనాడే పడింది.

గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క 2008లో తెరుచుకుంది. మిగతాదాంట్లో 62 కిలోమీటర్లు బీఓటీ (కట్టి, నడిపి, అప్పగించడం) యాన్యుటీ పద్ధతిలో, 71 కిలోమీటర్లు జపాన్ సర్కారు సంస్థ జైకా అప్పుతో వేశారు. కిటుకంతా ఆ యాన్యుటీలోనే ఉంది. మామూలు బీఓటీలో టోల్ కాంట్రాక్టరే వసూలు చేసుకుంటాడు, బండ్లు రాకపోతే నష్టమూ అతనిదే. యాన్యుటీలో బండ్లు వచ్చినా రాకున్నా ఆరు నెలలకోసారి సర్కారే కిస్తీ కట్టాలి, టోల్ డబ్బు మాత్రం సర్కారుకు దక్కుతుంది. కండ్లకోయ దగ్గర చివరి ముక్క కలిసి రింగు పూర్తయ్యేసరికి 2018 వచ్చింది. రోడ్డు బోసిపోయి ఉన్న రోజుల భారం జనం సొమ్ము మోసింది. రద్దీ కుదురుకున్నాక టీఓటీ (టోల్ వసూలు చేసుకుని, నడిపి, తిరిగి అప్పగించడం) పేరుతో టోల్ హక్కు చేతులు మారింది.

లక్ష కోట్లు వచ్చే రోడ్డన్నది విమర్శకుల మాట. లెక్క వేసి చూద్దాం. ఖర్చులు పోను మొదటి ఏడాది రూ.400 కోట్లు మిగిలి, అది ఏటా 9 శాతం పెరుగుతుందనుకోండి (అంకెలు ఉదాహరణకే). 30 ఏళ్లవీ కూడితే దాదాపు రూ.54,500 కోట్లు. అదే సొమ్ముకు నేటి విలువ కడితే, డిస్కౌంట్ రేటు (రేపటి సొమ్మును నేటి విలువలోకి మార్చడానికి ఏటా తగ్గించే శాతం) 10 శాతమైతే సుమారు రూ.9,600 కోట్లు, 12 అయితే రూ.7,400 కోట్లు, 14 అయితే రూ.5,900 కోట్లు. కూడిక చూపించి గోల చేయడం తేలిక. కానీ రేటు రెండు శాతం జరిగితే వేల కోట్లు అటూ ఇటూ అవుతాయన్నదీ నిజమే. ఆ రేటు ఎవరు, ఏ ఆధారంతో పెట్టారన్న ప్రశ్న అందుకే న్యాయమైనది.

టెండరుకు ముందు అంచనా విలువను హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) బయటపెట్టలేదు. జాతీయ రహదారుల సంస్థదీ ఇదే పద్ధతన్నది అధికారుల వివరణ. ముందు చెబితే బిడ్డర్లు అక్కడే ఆగిపోతారనుకుందాం. బిడ్లు తెరిచాక ఆ అడ్డంకి ఎక్కడిది?

ఆ అంచనా విలువ కట్టిన లెక్కల షీటులో చూడాల్సిన గడులు మూడు: ట్రాఫిక్ పెరుగుదల, డిస్కౌంట్ రేటు, మరమ్మతుల ఖర్చు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎనిమిది లేన్లకు కొత్త తారు పొర ఎనిమిదేళ్లకోసారి వేయాలని రాస్తే ఒక ధర, అయిదేళ్లకని రాస్తే ఇంకా తక్కువ ధర. తర్వాత పొర ఎన్నేళ్లకు పడిందో రోడ్డు మీదకెళ్లి చూసుకోవాల్సిందే.