తొమ్మిది చేపలు, 70 లీటర్లు

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఫిష్ ట్యాంకు కొనేవాళ్లలో చాలామందికి చేపల మీద సరదా కన్నా వాస్తు మీద గురి ఎక్కువ. ఎనిమిది గోల్డ్ ఫిష్, ఒక నల్ల చేప, వెరసి తొమ్మిది ఉండాలంటారు. ట్యాంకు మాత్రం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. లెక్క కడితే నిండా పోసినా 70 లీటర్లు. షాపులో బొటనవేలంత ఉన్న గోల్డ్ ఫిష్ సరిగ్గా పెరిగితే జానెడు దగ్గరకి వస్తుంది, పదేళ్లు దాటి బతుకుతుంది. మన ఇళ్లలో ఏడాది గడిస్తే గొప్ప. పోయినప్పుడల్లా "ఇంటి కీడు అది తీసుకుపోయింది" అనుకుని ఇంకోటి తెచ్చి వేస్తాం. చావే శుభం అయ్యాక, ఎందుకు చచ్చిందని అడిగేవాళ్లు ఉండరు.

చాలాసార్లు చంపేది అమ్మోనియా. ప్రొటీన్ అరిగాక మిగిలే నైట్రోజన్‌ని మనం మూత్రంలో యూరియాగా వదులుతాం. చేప దాన్ని ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగానే నీళ్లలోకి వదిలేస్తుంది. చెరువులో అది పలచబడిపోతుంది, కొంత నాచు పీల్చుకుంటుంది. గాజు పెట్టెలో పేరుకుంటుంది. పైగా నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) ఒక్క అంకె పెరిగితే అందులో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద చేరి సరిపడా పెరగడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనం ట్యాంకు కొన్న సాయంత్రమే తొమ్మిదింటినీ వేసేస్తాం. ఆదివారం నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో పిండి పిండి ఉతుకుతాం. ఉన్న కాసిన్ని బ్యాక్టీరియా కూడా దాంతో సరి.

అడుగున ఇసుక, రాయి, మొక్క ఏమీ లేని బోడి ట్యాంకుని సమర్థించేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. రెట్ట ఎక్కడ పడిందో కనిపిస్తుంది, పైపుతో లాగేయొచ్చు. జబ్బు చేప వెంటనే దొరికిపోతుంది. డిస్కస్ చేపల్ని పెంచి అమ్మేవాళ్లు చాలామంది ఇందుకే ట్యాంకుని బోడిగా ఉంచుతారు. కిక్కిరిసి ఉంచడానికీ ఒక వాదన ఉంది. ఆఫ్రికాలోని మలావి సరస్సు నుంచి వచ్చిన సిక్లిడ్ చేపలకి హద్దుల గొడవ జాస్తి. ట్యాంకులో నాలుగే ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని వెంటాడి చంపుతుంది. గుంపుగా వేస్తే ఎవరినని తరుముతుంది? అందుకని కావాలనే ఎక్కువ వేసి, పెద్ద ఫిల్టర్లు పెడతారు. అయితే వాళ్లు కూడా రాళ్లు తీసేయరు. ఈ వాదన మలావి చేపలదే. గోల్డ్ ఫిష్‌కి అప్పు తెచ్చుకుంటే చెల్లదు.

"మోటారుండగా ఏటవుతాది బాబూ" అని షాపాయన అనడంలోనే ఉంది అసలు సంగతి. మంచి ఫిల్టర్ ఉంటే కిక్కిరిసిన ట్యాంకులోనూ నీళ్లు అద్దంలా ఉంటాయి. నీటి కెమిస్ట్రీ బాగుంది కదా, ఇంకేం కావాలి?

2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదాల్లో వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. కొన్ని చేపలు మూతిని గులకరాళ్లకి రాసుకున్నాయి, తిండి మానేశాయి. దీన్ని మనం అనుభవించే నొప్పి అనొచ్చా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది. కానీ "చేపకేం తెలుస్తుంది" అని కొట్టిపారేసే వీలు పోయింది. నార్వేలో సాల్మన్ పిల్లల్ని కొన్నిటిని బోడి తొట్లలో, కొన్నిటిని రాళ్లూ ప్లాస్టిక్ మొక్కలూ వేసిన తొట్లలో పెంచారు. ఆనక తికమక దారుల్లో వదిలితే, రెండో రకం చేపలే త్వరగా బయటి దారి నేర్చుకున్నాయి. 2013లో ఈ ఫలితం వచ్చింది. ప్లాస్టిక్ మొక్కలే అని గమనించండి. అవి ప్లాస్టిక్ అని చేపకి పట్టింపు లేదు, చాటు దొరికితే చాలు. ఏ చాటూ లేని ట్యాంకులో అది రోజంతా నాలుగు వైపుల నుంచీ కనబడుతూ బతకాలి.

ఫైటర్ చేపది ఇంకో అన్యాయం. థాయ్‌లాండ్ వరిమళ్లలో ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో బతకడానికి దానికి తలలో గాలి పీల్చే అవయవం ఏర్పడింది. అంతమాత్రాన గ్లాసుడు నీళ్లు చాలని తేల్చేశారు. మన మట్టగిడస కూడా గాలి పీల్చే రకమే. అందుకే చేపల బజారులో బేసిన్ అడుగున కాస్త నీళ్లున్నా గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. దాన్ని ఎవరూ పెంపకం అనరు. రోమ్ నగరం 2005లో గుండ్రటి గాజు గిన్నెల్లో చేపల్ని ఉంచడాన్ని నిషేధించింది.

ఇక అందమైన ట్యాంకుల సంగతి. 1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్‌టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త గాజు తొట్టిలో రెండు గోల్డ్ ఫిష్‌నీ, వాలిస్నేరియా మొక్కనీ ఉంచాడు. కుళ్లిన ఆకుల్ని తినడానికి నత్తల్ని కూడా చేర్చాక నీళ్లు చెడకుండా నిలిచాయని రాశాడు. అప్పట్లో మొక్క అంటే అలంకారం కాదు, పని చేసే మనిషి. తర్వాత జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954–2015) ట్యాంకుని నీటి అడుగున ప్రకృతి దృశ్యంగా మలిచాడు. చూస్తే రెప్ప వాల్చబుద్ధి కాదు. కానీ ఆ పచ్చదనం నిలవాలంటే చాలాసార్లు బలమైన లైట్లు, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ కావాలి. గ్యాస్ మోతాదు మించితే చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. అందులో తిరిగే నియాన్ టెట్రా చేపలు అమెజాన్ ప్రాంతపు చెట్ల నీడలో, టీ రంగు నీళ్లలో పుట్టినవి. ఆ వెలుగు మన కంటి కోసమే. సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేలలో తుంగ, తామరాకు, బురద చూసినవాళ్లకి తెలుసు, మన పరిగెలు తిరిగే సహజమైన నీళ్లు ఫొటోకి పనికొచ్చేలా ఉండవు. గోల్డ్ ఫిష్ అయితే వేసిన మొక్కని పీకి తినేస్తుంది కూడా.

కాబట్టి బోడి ట్యాంకా, పచ్చటి ట్యాంకా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటిది, కరెంటు పోతే ఏమిటన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మోటారు ఆగితే పైనుంచి కలిసేది కొద్దిగానే. కిక్కిరిసిన ట్యాంకులో ఆ నిల్వ కొన్ని గంటల్లో అయిపోవచ్చు. మొక్కలున్నా రాత్రిపూట అవి కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటాయి. 70 లీటర్లలో గోల్డ్ ఫిష్ రెండుంటే, అదీ చిన్నవిగా ఉన్నంత కాలం, ఊపిరికి వ్యవధి ఉంటుంది. వాస్తు కోసం తొమ్మిదే కావాలంటే గప్పీ అనే చిన్న రకం చేపల్లో మగవి వేసుకోవచ్చు. ఆడవి కూడా కలిస్తే నెల నెలా పిల్లలే.

మిగిలిన చేపల్ని జాలిపడి నాగావళిలోనో పెద్దచెరువులోనో వదలకండి. పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప అక్వేరియంల నుంచే బయటపడింది. ఇప్పుడు కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువుల్లో దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలు చింపేస్తుంది, కొనేవాళ్లు ఉండరు. పెంచలేని చేపని కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. డబ్బులు వెనక్కి ఇవ్వకపోయినా చాలామంది తీసుకుంటారు.