పాత పెట్రోలు బండికి బలం ఎక్కడుంది?

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాలికి జేజినాయన ఆశీస్సులు.

షెడ్డులో ఉన్న పెట్రోలు పికప్‌కు పెద్ద కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) వేసి, సైలెన్సర్ మార్చి, బోరు చేయిస్తే (సిలిండర్లు తొలిచి వెడల్పు చేయిస్తే) కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు టాప్ గేర్‌లోనే ఎక్కుతుందా అని అడిగినారు. ఎక్కదు. అయినా ఇప్పటికంటే బాగా లాగేటట్టు చెయ్యొచ్చు.

దాంట్లో ఉన్నది హరికేన్ ఇంజిన్. విల్లీస్ వాళ్ళు 1950లో తెచ్చినారు, మన దేశంలో మహీంద్రా వాళ్ళు జీపులకు వాడినారు. నాలుగు సిలిండర్లు, 2,199 సీసీ. కొత్తలోనే దాని బలం సుమారు 75 హార్స్‌పవర్. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 79 మిల్లీమీటర్లయితే పిస్టన్ నడిచే దూరం 111. అందుకే నిదానంగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. బండలాగుడు ఎద్దును గుర్రంతో పరుగుకు పెడితే ఏం లాభం?

మొదట పైసా ఖర్చు లేని పని చెబుతా. ఇంజిన్ ఆపి ఒకరు ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టండి. ఇంకొకరు ఎయిర్ క్లీనర్ గొట్టం తీసి, చోక్ (కార్బురేటర్ పైమూత) తెరిచి, టార్చి వేసి కార్బురేటర్ లోపలికి చూడండి. అడుగున ఉన్న గుండ్రటి రేకు నిట్టనిలువుగా నిలబడాలి. పాత బండ్లలో కడ్డీల కీళ్ళు అరిగి, పెడల్ నేలకు ఆనినా ఆ రేకు ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. కడ్డీ సరిచేస్తే పోయిన బలం ఊరికే తిరిగొస్తుంది. ఎయిర్ క్లీనర్ గిన్నె కూడా విప్పండి. అడుగున నూనె, దుమ్ము కలిసి ముద్ద కట్టి ఉంటుంది. కడిగి, గుర్తు దాకానే కొత్త ఆయిల్ పోయండి.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి. ఇంజిన్ వేడి మీద నాలుగు ప్లగ్గులూ తీసి, ఎక్సిలేటర్ తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే దాంట్లో స్పూను ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, కదలకపోతే గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వుల మీద అనుమానం. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్ వాల్వు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వు కింద బ్లాకులో ఉంటాయి. పైవాటికి టాపెట్ సెట్టింగ్ (వాల్వు సందు సరిచేయడం) చేసి, పక్క మూత విప్పడానికి బద్ధకించి కిందివాటిని వదిలేసే మెకానిక్కులు ఎక్కువ. అక్కడ సందు లేకపోతే వాల్వు సరిగా మూసుకోదు, కాలిపోతుంది. పక్కన నిలబడి చేయించండి.

ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, ఆ రవ్వ పడే సమయం (టైమింగ్) మెకానిక్కులు ఎలాగూ చూస్తారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల పలక కింద రెండు చిన్న బరువులుంటాయి. స్పీడు పెరిగేకొద్దీ నిప్పురవ్వను ముందుకు జరిపేవి అవే. తుప్పుపట్టి బిగుసుకుంటే టైమింగ్ ఎంత బాగా పెట్టినా బండి మొద్దుగానే ఉంటుంది.

ఇక మన కడప ఎండ. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలచన, బలం కూడా తగ్గుతుంది. బానెట్ కింది వేడిగాలి కాకుండా బయటి గాలి అందేలా గొట్టం పెడితే మేలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని పొరను (డయాఫ్రమ్‌ను) అది తినేస్తుంది. దానికి ఓర్చుకునే రబ్బరే వేయించండి. ఇథనాల్‌తో గాలి-పెట్రోలు మిశ్రమం పలచనవుతుంది కాబట్టి మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచాల్సి రావచ్చు. మార్చాక ప్లగ్గు రంగు చూడండి. తెల్లగా ఉంటే పెట్రోలు ఇంకా చాలనట్టు, మసి పడితే ఎక్కువైనట్టు.

మీ పెద్ద కార్బురేటర్ ఆలోచన నాకు నచ్చలేదు. తక్కువ స్పీడులో దాంట్లో గాలి వేగం తగ్గి పెట్రోలు సరిగా కలవదు, ఘాటులో ఇంకా దిగజారుతుంది. బోరు ఒక మిల్లీమీటరు పెంచితే పెరిగే సీసీ రెండున్నర శాతమే, గోడలు అరిగితే తప్ప వద్దు. వేరే ఇంజిన్ ఎక్కించాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా ఆర్టీవో అనుమతి కావాలి.

ఘాటులో సెకండ్ గేర్ వేయడం నామోషీ ఏం కాదు. ఈ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే బాగా లాగుతుంది, అక్కడ ఉంచితే పైదాకా ఎక్కి పాలకోవా కొనుక్కోవచ్చు. ముందు బ్రేకులు, క్లచ్ చూడండి. కంప్రెషన్ అంకెలు నాలుగూ వరసగా రాసి పంపండి, బోరు సంగతి అవి చూసి మాట్లాడదాం.

మీ జేజినాయన