భారతీయ స్టాంపుల్లో ముద్రణ తేడాలు: అపోహలు – వాస్తవాలు

భారతీయ స్టాంపులను, అందులోనూ వాటి ముద్రణలో వచ్చిన తేడాలను సేకరించేవారికి ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న "ఇది ఎంత చేస్తుంది?" అన్నదే. తేడా ముద్రణలో ఏ దశలో పుట్టిందో, అది నిజంగా అచ్చులోనే వచ్చిందని ఎలా రుజువు చేయగలమో తేలనిదే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. కొత్తగా ఈ సేకరణలోకి వస్తున్నవారి నోట నేను పదే పదే వినే అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: బొమ్మలో తప్పున్న ప్రతి స్టాంపూ అరుదైనదే.

వాస్తవం: 1949 ఆగస్టు 15న తపాలా శాఖ ప్రాచీన శిల్పాలు, కట్టడాల బొమ్మలతో 16 స్టాంపుల శ్రేణిని విడుదల చేసింది. అందులోని అణా స్టాంపుపై ఉన్న బోధిసత్వుడి బొమ్మ కుడిఎడమలు తారుమారై అచ్చు కావడంతో, చాచిన చెయ్యి ఎడమ చెయ్యిగా కనిపిస్తుంది. 1950 జూలైలో కుడి చెయ్యి చాచినట్టు సరిదిద్దిన స్టాంపు వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే భూతద్దం అవసరం కూడా లేదు. అయినా ఆ "తప్పు" స్టాంపు నేటికీ చవకగానే దొరుకుతుంది, ఎందుకంటే పొరపాటు మూలచిత్రం దశలోనే జరిగింది కనుక ప్రతి షీటులోని ప్రతి స్టాంపూ అలాగే అచ్చయింది, దాదాపు ఏడాది పాటు దేశమంతటా ఉత్తరాల మీద వాడుకలో ఉంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది 1854 నాటి నాలుగణాల స్టాంపు. కలకత్తాలోని సర్వే కార్యాలయంలో రాతి అచ్చుతో తయారైన ఆ స్టాంపులో ఎర్రటి చట్రాన్ని, నీలిరంగు విక్టోరియా రాణి తలను వేర్వేరు విడతల్లో ముద్రించేవారు. రెండో విడతకు కాగితం తిరగబడినప్పుడు తల కిందులుగా పడింది. ఆ పొరపాటుతో బయటికి వెళ్ళిన షీట్లు చాలా తక్కువ, వాటిలో మిగిలిన స్టాంపులు మరీ తక్కువ.

ఈ రెంటికీ నడుమ ఉండేవి అచ్చుపలకలోని లోపాలు. పలకపై ఒక గీత పడితేనో, ఒక అక్షరం చిట్లితేనో ఆ పలకతో తీసిన ప్రతి షీటులో సరిగ్గా అదే స్థానంలో ఆ గుర్తు తిరిగి వస్తుంది. నన్నడిగితే సేకరణలో అసలైన ఆనందం వీటితోనే ఉంది, ధర మాత్రం చాలాసార్లు స్వల్పమే. అదే స్థానంలోని మరో ప్రతి దొరికినప్పుడు గానీ అది పలకలోపమని నమ్మకూడదు. దుమ్ము అడ్డుపడి ఏర్పడిన తెల్లమచ్చ, పొంగిన సిరా వంటివి ఒక్కసారి వచ్చి పోయేవి. వాటిని దాచుకోవచ్చు గానీ పెద్ద మొత్తం పెట్టి కొనవలసిన పని లేదు.

ఈ విషయంలో మన హైదరాబాదు సంస్థానం స్టాంపులు గొప్ప పాఠం. నిజాం ప్రభుత్వపు మొదటి స్టాంపు 1869లో వచ్చింది. దాన్ని లండన్‌లో చెక్కించారు. 1870లో స్థానికంగా చేయించిన అర్ధణా, రెండణాల స్టాంపులకు మాత్రం పలక మీద ప్రతి స్టాంపునూ విడివిడిగా చేత్తో చెక్కారు. అందువల్ల ఒక్కో విలువలో 240 రకాలున్నాయి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అక్కడ తేడా ఉండటం అరుదు కాదు. ఏ స్టాంపు పలకలో ఏ స్థానానిదో గుర్తించడమే అసలు పని, అది ఏళ్ళ తరబడి సాగే పని.

అపోహ: చూడటానికి ఒకేలా ఉన్న రెండు స్టాంపుల్లో ఒకటి అదనపు ప్రతే.

వాస్తవం: పైన చెప్పిన హైదరాబాదు స్టాంపులను 1880లో పునర్ముద్రించారు. అసలు వాటి అంచున రెండు సెంటీమీటర్ల నిడివిలో పదకొండున్నర చిల్లులుంటే, పునర్ముద్రణలో పన్నెండున్నర ఉంటాయి. అంచును కొలిచే చిన్న కొలబద్ద లేకపోతే రెండూ ఒకే పేజీలోకి చేరతాయి. ఐదవ జార్జి స్టాంపుల్లో లండన్‌లోని డి లా రూ సంస్థ ముద్రించిన వాటికి ఒక్కో స్టాంపుకు ఒక నక్షత్రం చొప్పున వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే అందులో ఏర్పరచే గుర్తు) ఉంటుంది, 1926 నుంచి నాసిక్‌లో ముద్రించిన వాటికి కాగితమంతటా నక్షత్రాలుంటాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలతో పాటు వచ్చిన భారత పటం స్టాంపులూ అంతే: మొదటివి నక్షత్రాల కాగితం మీద, 1958 నుంచి వచ్చినవి అశోకస్తంభ శీర్షాల కాగితం మీద అచ్చయ్యాయి. స్టాంపును నల్లటి పళ్ళెంలో బోర్లించి, వాటర్‌మార్క్ ద్రవం రెండు చుక్కలు వేస్తే గుర్తు నల్లగా తేలి, ద్రవం ఆరగానే మాయమవుతుంది.

అపోహ: ఒక రంగు లేకపోయినా, అంచున చిల్లులు లేకపోయినా అది ముద్రణ పొరపాటే.

వాస్తవం: అత్యధికంగా మోసాలు జరిగేది ఇక్కడే. ఎండలో ఉంచినా, రసాయనాలు తగిలించినా కొన్ని సిరాలు వెలిసిపోతాయి. పసుపు, గులాబీ రంగులు ముందుగా పోతాయి. అచ్చులో నిజంగా రంగు పడకపోతే పదిరెట్ల భూతద్దం కింద ఆ రంగు చుక్క ఒక్కటి కూడా కనిపించదు, మిగతా రంగులు నిండుగా ఉంటాయి. వెలిసిన స్టాంపులో చిల్లుల పక్కన, ముదురు భాగాల అడుగున పాత రంగు జాడ మిగిలే ఉంటుంది. చిల్లులు లేని స్టాంపును విడిగా ఎప్పుడూ కొనకండి. వెడల్పు అంచున్న మామూలు స్టాంపును కత్తెరతో సరిచేసి అలా చూపవచ్చు. రెండు స్టాంపులు కలిసి ఉండి, వాటి మధ్య చిల్లులు లేనప్పుడే అది పొరపాటుగా నిలుస్తుంది. అలాంటి జత మీ చేతికొస్తే ఎంత ధర చెప్పినా విడదీయకండి.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ.

వాస్తవం: విక్టోరియా కాలపు అర్ధణా స్టాంపులు నేటికీ విరివిగా, చవకగా దొరుకుతాయి. 1948 ఆగస్టు 15న వచ్చిన పది రూపాయల గాంధీ స్టాంపు వాటికంటే ఎంతో ఖరీదు. ఆ శ్రేణిని స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థ ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో (పలకలోని సన్నని గుంటల్లో నిలిచిన సిరా కాగితానికి ఎక్కే అచ్చు) ముద్రించింది. ప్రభుత్వ వాడకం కోసం "సర్వీస్" అని ఓవర్‌ప్రింట్ చేసిన (అచ్చయిన స్టాంపు మీద అదనంగా ముద్రించిన) పది రూపాయల ప్రతులు మరీ అరుదు. అందుకే మామూలు స్టాంపు మీద దొంగ ఓవర్‌ప్రింట్ కొట్టి అమ్మడం మొదలైంది, స్టాంపుకే నకళ్ళు కూడా పుట్టాయి. అసలు స్టాంపులో గాంధీ ముఖం మీది నీడలు అతి సన్నని వలలా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆఫ్‌సెట్ (పలక నుంచి రబ్బరు మీదికి, దాని నుంచి కాగితానికి సిరా ఎక్కే అచ్చు) నకలులో చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. ఈ స్థాయి స్టాంపును గుర్తింపు పొందిన నిపుణుల సర్టిఫికెట్ లేకుండా కొనకూడదు, అమ్మేవారు ఎంత తెలిసినవారైనా సరే.

అపోహ: మరకలున్న స్టాంపును కడిగి శుభ్రం చేస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: కడిగితే వాడని స్టాంపుకు వెనక జిగురు పోతుంది, కొన్ని పాత సిరాలు నీటికి కరిగిపోతాయి. ఇక కవరు మీద ఉన్న స్టాంపును నానబెట్టి ఊడదీస్తే తేదీ, ఊరు తెలిపే పోస్టుముద్ర సగం చెడిపోతుంది. ఒక పలకలోపం ఏ నెల నుంచి కనిపించిందో తేల్చడానికి చాలాసార్లు మనకున్న ఏకైక ఆధారం ఆ ముద్రే.