బాక్సింగ్ వీకెండ్: ఎవరు గెలుస్తారో చెప్పడం వెనక అపోహలు - వాస్తవాలు

పెద్ద బౌట్లన్నీ ఒకే వారాంతంలో వచ్చి పడితే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఎవరు గెలుస్తారు?" అంతే, పేరొక్కటి చాలు. ప్రొఫెషనల్ బాక్సింగ్ ప్రివ్యూలు రాయడం నా పని కాబట్టి పేరు చెప్పక తప్పదు, చెబుతాను కూడా. కానీ పేరు అన్నిటికన్నా చివర రావాలి. దానికి ముందు తేల్చుకోవాల్సింది, ఆ ఇద్దరూ ఎదురుపడితే బౌట్ ఎలా సాగుతుందన్నది. ఈ తేడా పట్టుబడకపోవడం వల్లే చాలా అపోహలు పుట్టాయి.

ఉదాహరణకు 2025 మే 2, 3, 4 తేదీలు తీసుకుందాం. మూడు రోజులు, మూడు నగరాలు. శుక్రవారం న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆరుబయట రింగు వేసి ర్యాన్ గార్సియా–రోలాండో రొమెరో, డెవిన్ హేనీ–హోసే రామిరెజ్, టియోఫిమో లోపెజ్–ఆర్నాల్డ్ బార్బోజా. శనివారం రియాద్‌లో కనెలో ఆల్వరెజ్–విలియం స్కల్. ఆదివారం లాస్ వెగాస్‌లో నవోయా ఇనౌయె–రామోన్ కార్డెనాస్. ఐదింటిలోనూ ఫేవరెట్, అంటే గెలుస్తాడని ఎక్కువమంది అనుకునేవాడు, ఎవరో ముందే అందరికీ తెలుసు. నలుగురు గెలిచారు. గార్సియా ఓడాడు.

అపోహ: అన్నీ కరెక్టుగా చెప్పలేకపోతే వాడేం నిపుణుడు?

ఒక్కో బౌట్‌లో ఫేవరెట్ గెలిచే అవకాశం 80 శాతం అనుకోండి. అలాంటివి ఐదు వరసగా కరెక్టు కావాలంటే 0.8ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది 33 శాతం. అంటే ప్రతి బౌట్‌నూ సరిగ్గానే అంచనా వేసినా, మూడు వారాంతాల్లో రెండుసార్లు ఎక్కడో ఒకచోట దెబ్బ తినడం ఖాయం. ఐదుకి ఐదు చెప్పినవాడికి ఆ వారం కాలం కూడా కలిసొచ్చిందన్నమాట. నేనైతే ఎన్ని పేర్లు కలిశాయని కాదు, చెప్పిన కారణం రింగులో కనబడిందా లేదా అని చూస్తాను. కనెలో గెలుస్తాడని ఎవరైనా చెబుతారు. స్కల్ పన్నెండు రౌండ్లూ చుట్టూ తిరుగుతూనే ఉంటాడని, బౌట్ విసుగు పుట్టిస్తుందని చెప్పగలగడమే పనితనం. ఆ రాత్రి ఇద్దరూ కలిపి విసిరినవి 445 పంచ్‌లు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ సంస్థ లెక్కల్లో పన్నెండు రౌండ్లు పూర్తయిన ఏ బౌట్‌లోనూ అప్పటివరకు అంత తక్కువ లేదు.

అపోహ: ఓటమి లేని రికార్డు ఉంటే భయపడాల్సిందే

స్కల్ ఆ బౌట్‌కి వచ్చింది 23–0తో, అంటే 23 గెలుపులు, ఓటమి సున్నా. రొమెరో రికార్డులో అప్పటికే రెండు ఓటములున్నాయి. ఆ వారాంతం ఎవరు సంచలనం చేశారో చూశారుగా.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రత్యర్థిని డ్రా తీసి ఇవ్వరు, ఎంచి తెస్తారు. ఎదుగుతున్న కుర్రాడికి మొదట్లో దెబ్బకు ఆగలేనివాళ్లను, తర్వాత గట్టిగా నిలబడతారు గానీ గెలిచేంత పదును లేనివాళ్లను, ఆ తర్వాత వయసు మీదపడ్డ మాజీ చాంపియన్లను మ్యాచ్‌మేకర్ ఒక వరసలో తెచ్చి నిలబెడతాడు. అందులో మోసమేమీ లేదు, కుర్రాడు నేర్చుకునేది అలాగే. కానీ 20–0 అన్న అంకె చూసి మోసపోకూడదు. నేను ముందు ప్రత్యర్థుల జాబితా తెరుస్తాను. వాళ్లలో ఎంతమంది అప్పటి ముందు ఆరు నెలల్లో ఒక్క బౌట్ అయినా గెలిచారో చూస్తాను. తర్వాత ఈ బాక్సర్ ఎప్పుడైనా కిందపడి లేచాడా, కన్ను చిట్లి రక్తం కారుతుండగా ఆడాడా, పదో రౌండ్ దాటాడా అన్నవి. ఇవేవీ లేని సున్నా, ఇంకా రాయని పరీక్ష కాగితం.

వీడియో చూసేటప్పుడు సౌండ్ ఆపేస్తాను. కామెంటేటర్ గొంతు మనకు తెలియకుండానే మన కళ్లను లాక్కుపోతుంది. ఆఖరి నాలుగు రౌండ్లు ముందు చూస్తాను. అలసినప్పుడే అలవాట్లు బయటపడతాయి: జాబ్ (ముందున్న చేత్తో నేరుగా వేసే పంచ్) విసిరిన చెయ్యి గడ్డం దగ్గరికి తిరిగొస్తోందా, నడుము దగ్గరికి జారుతోందా? వెనక కాలి మడమ నేలకు అతుక్కుపోయిందా? పంచ్ వేశాక తల అదే చోట ఉంటోందా? ఇనౌయెనే తీసుకోండి. 2024లో టోక్యో డోమ్‌లో లూయిస్ నెరీ మొదటి రౌండ్‌లో అతణ్ని పడగొట్టాడు. ఏడాది తిరిగేసరికి లాస్ వెగాస్‌లో కార్డెనాస్ రెండో రౌండ్‌లో పడగొట్టాడు. రెండుసార్లూ లెఫ్ట్ హుక్కే (ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి వేసే పంచ్), రెండుసార్లూ దగ్గరగా పంచ్‌లు మార్చుకుంటున్నప్పుడే. రెండుసార్లూ లేచి నాకౌట్ చేశాడు, ఆరో రౌండ్‌లో నెరీని, ఎనిమిదో రౌండ్‌లో కార్డెనాస్‌ని. అతణ్ని ఓడించడం కష్టం, అతనికి దెబ్బ తగిలించడం సులువు. రెండూ ఒకే మనిషి గురించి నిజాలే. ప్రివ్యూలో రెండూ ఉండాలి.

అపోహ: ఆడ్స్ చూస్తే చాలు, ఇంకా ప్రివ్యూ ఎందుకు?

ఆడ్స్ అంటే పందెం గెలిస్తే రూపాయికి ఎంత తిరిగొస్తుందో చెప్పే అంకె. అది జోస్యం కాదు, ధర. ఫేవరెట్ మీద 1.20, అవతలివాడి మీద 4.50 ఉందనుకోండి. వందను 1.20తో భాగిస్తే 83.3, 4.50తో భాగిస్తే 22.2. కలిపితే 105.5. వంద దాటిన ఆ ఐదున్నర బుక్‌మేకర్, అంటే పందేలు కట్టించుకునేవాడి వాటా. అది తీసేస్తే ఫేవరెట్ నిజమైన అవకాశం 79 శాతం దగ్గర ఆగుతుంది. పైగా పేరున్న బాక్సర్ మీద అభిమానులు ఎగబడి డబ్బు పెడితే అతని ధర ఇంకా పడుతుంది, అతను అంత గొప్పగా ఆడతాడని కాదు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్‌ను బస్టర్ డగ్లస్ పదో రౌండ్‌లో నాకౌట్ చేసినప్పుడు డగ్లస్ మీద ఆడ్స్ 42–1, అంటే రూపాయికి నలభై రెండు రూపాయల లాభం. డగ్లస్‌కున్న పొడవైన జాబ్ ఆ ధరలో కనబడలేదు.

నేను ఆడ్స్ చూసేది నా అంచనాను పోల్చుకోవడానికి మాత్రమే. నా లెక్కకీ మార్కెట్‌కీ చాలా తేడా ఉంటే, నేను చూడనిది ఏదో ఉందేమోనని మళ్లీ వీడియోల దగ్గరికి వెళ్తాను. "డబ్బు పెట్టొచ్చా అన్నా?" అని అడిగే తమ్ముళ్లకు మాత్రం జవాబు ఒక్కటే: వద్దు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ను నిషేధించాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, నా ప్రివ్యూ చదివి ఎవరి ఇంట్లోనో జీతం డబ్బులు పోతే అది నేను భరించలేను.

అపోహ: ఎ, బిని ఓడించాడు. బి, సిని ఓడించాడు. కాబట్టి ఎ, సిని ఓడిస్తాడు

1971లో జో ఫ్రేజియర్ మహమ్మద్ అలీని ఓడించాడు. 1973 మార్చిలో కెన్ నార్టన్ కూడా అలీని ఓడించాడు. ఫ్రేజియర్‌ని జార్జ్ ఫోర్‌మన్ 1973 జనవరిలో రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. నార్టన్‌ని 1974లో అదే రెండు రౌండ్లలో ముగించాడు. ఈ లెక్కన ఫోర్‌మన్ ముందు అలీ నిలబడకూడదు. 1974 అక్టోబరులో కిన్షాసాలో ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్‌ని అలీ నాకౌట్ చేశాడు. ఫ్రేజియర్ వంగి లోపలికి దూసుకొచ్చేవాడు, అంటే నేరుగా ఫోర్‌మన్ అప్పర్‌కట్ (కింది నుంచి పైకి వేసే పంచ్) కిందికి. అలీ తాళ్ల మీదికి వాలి, తలను దూరంగా ఉంచి, ఫోర్‌మన్ బలాన్నంతా చేతుల మీద ఖర్చు చేయించాడు.

అపోహ: తూకం అనేది ఫొటోల కార్యక్రమం

నా ప్రివ్యూ ఒక్కోసారి పూర్తిగా మారిపోయేది ఇక్కడే.

అసలు తూకం బౌట్‌కు ముందు రోజు ఉదయమే అయిపోతుంది. సాయంత్రం జనం ముందు జరిగేది చాలాసార్లు లాంఛనం. బౌట్‌కి నిర్ణయించిన గరిష్ఠ బరువుకి, అంటే లిమిట్‌కి దిగడానికి ఆఖరి కొన్ని కిలోలు ఒంట్లో నీరు తీసేసి తగ్గిస్తారు. ఆ తర్వాత బౌట్ దాకా ఉన్న సమయంలో మళ్లీ నీరు, తిండి పట్టిస్తారు. రింగులోకి వచ్చేటప్పటికి కొందరు ఎంతో బరువు పెరిగి ఉంటారు. దీనికి పగ్గం వేయడానికే ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ (ఇంటర్నేషనల్ బాక్సింగ్ ఫెడరేషన్) తన టైటిల్ బౌట్లలో రెండో రోజు ఉదయం కూడా తూస్తుంది, లిమిట్ కన్నా పది పౌండ్లకు మించకూడదు. అందుకే తూకం వీడియోలో నేను కండలు చూడను. పెదాలు పగిలాయా, బుగ్గలు లోపలికి పోయాయా, యంత్రం ఎక్కేటప్పుడు ఎవరి భుజమైనా పట్టుకున్నాడా అని చూస్తాను. నీరు సరిగ్గా తిరిగి పట్టనివాడికి మధ్య రౌండ్లలో కాళ్లు బరువెక్కుతాయి, పొట్ట మీద దెబ్బ తట్టుకోలేడు. తలకు తగిలే దెబ్బ కూడా అలాంటివాడికి మరింత ప్రమాదం. అది రాసేటప్పుడు నాకు నిజంగా టెన్షనే.

లిమిట్ దాటినవాడి విషయం ఇంకొకటి. 2024 ఏప్రిల్‌లో 140 పౌండ్ల బౌట్‌కి గార్సియా 143.2తో వచ్చి, హేనీని మూడుసార్లు కింద పడేశాడు. తర్వాత నిషేధిత మందు బయటపడటంతో ఫలితమే రద్దయింది. హెవీవెయిట్లకు లిమిట్ లేకపోయినా తూకం మాట్లాడుతుంది. 2019 జూన్‌లో ఆంథొనీ జోషువాను ఓడించినప్పుడు ఆండీ రూయిజ్ 268 పౌండ్లు, డిసెంబరు రీమ్యాచ్‌కి 283. జోషువా మాత్రం పది పౌండ్లు తగ్గాడు. అంటే ఒకరు కాళ్లతో ఆడటానికి సిద్ధమై వచ్చాడు, ఇంకొకరు అసలు సిద్ధం కాలేదు. జోషువా పాయింట్ల మీద గెలిచాడు.

అపోహ: ఆఖరి నిమిషంలో వచ్చినవాడు ఓడిపోతాడు

ఎక్కువసార్లు నిజమే. 2025 ఫిబ్రవరి 22న రియాద్‌లో డానియెల్ దుబోయ్ అనారోగ్యంతో తప్పుకుంటే రెండు రోజుల ముందు మార్టిన్ బకోలేను పిలిచారు. జోసెఫ్ పార్కర్ రెండో రౌండ్‌లోనే ముగించాడు. కానీ జోషువాను ఓడించిన రూయిజ్ కూడా అలా వచ్చినవాడే. తేడా ఎక్కడంటే, రూయిజ్ ఆరు వారాల ముందే ఒక బౌట్ ఆడి ఉన్నాడు, ఒళ్లు సిద్ధంగా ఉంది. ఎన్ని రోజుల ముందు పిలిచారని కాదు, పిలిచేనాటికి జిమ్‌లో ఉన్నాడా, ఇంట్లో ఉన్నాడా అని అడగండి.

అపోహ: ఎక్కువ కొట్టినవాడే గెలవాలి, లేకపోతే అన్యాయం

పాయింట్లు రౌండు రౌండుకీ వేస్తారు. గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఒకసారి పడగొడితే మామూలుగా 10–8. మన ఎన్నికల్లో మొత్తం ఓట్లు ఎక్కువొచ్చినా సీట్లు తక్కువొస్తే ప్రభుత్వం రానట్టే, ఐదు రౌండ్లు చితకబాది ఏడు రౌండ్లు కొద్దిగా పోగొట్టుకున్నవాడు ఓడిపోతాడు. 2024 మేలో ఒలెక్సాండర్ ఉసిక్–టైసన్ ఫ్యూరీ బౌట్‌లో స్కోర్లు ఉసిక్‌కు 115–112, 114–113, ఫ్యూరీకి 114–113. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీకి రెఫరీ కౌంట్ వేశాడు, అంటే పడిపోయినట్టే లెక్క, ఆ రౌండ్ 10–8. ఆ ఒక్క అదనపు పాయింటు తీసేసి చూడండి: ఒక జడ్జి ఉసిక్, ఒకరు ఫ్యూరీ, ఒకరు 114–114. అంటే డ్రా.

దారుణమైన స్కోర్లు లేవని కాదు. 2017లో కనెలో–గొలొవ్‌కిన్ బౌట్‌ని ఒక జడ్జి 115–113 గొలొవ్‌కిన్‌కి, ఒకరు 114–114, మూడో జడ్జి 118–110 కనెలోకి ఇచ్చారు. అందుకే బౌట్ నువ్వా నేనా అన్నట్టు సాగుతుందనుకున్నప్పుడు జడ్జీలు ఎవరో, టికెట్లు ఎవరి పేరు మీద అమ్ముడవుతున్నాయో కూడా చూస్తాను.

అపోహ: అంతా ముందే రాసిపెట్టిన స్క్రిప్టు

టైమ్స్ స్క్వేర్ రాత్రి అసలు ప్లాన్, గార్సియా, హేనీ ఇద్దరూ గెలిచి మళ్లీ తలపడటం. రొమెరో రెండో రౌండ్‌లో గార్సియాను పడగొట్టి, పాయింట్లతో గెలిచి, ఆ డబ్బు లెక్కంతా తలకిందులు చేశాడు.

అపోహ: ఒలింపిక్స్‌లో బాగా ఆడినవాడు ఇక్కడా దున్నేస్తాడు

నిజామాబాద్ నిఖత్ జరీన్ వల్ల మన ఇళ్లల్లో బాక్సింగ్ చూడటం పెరిగింది, అది నాకు చాలా సంతోషం. కానీ అక్కడ మూడు రౌండ్లు, ఇక్కడ పురుషుల టైటిల్ బౌట్‌కి పన్నెండు. రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న వాసిల్ లొమాచెంకో 2014లో తన రెండో ప్రొఫెషనల్ బౌట్‌లోనే ఒర్లాండో సాలిడో చేతిలో ఓడాడు. సాలిడో లిమిట్ దాటి బరువుగా వచ్చాడు, లోపలికి తోసుకొచ్చాడు, నడుము కిందా కొట్టాడు. అమెచ్యూర్ రింగులో అవన్నీ అంత సేపు భరించాల్సిన పని ఉండదు.

ఇక తారీఖుల విషయం. లాస్ వెగాస్‌లో శనివారం రాత్రి బౌట్ అంటే మనకు ఆదివారం ఉదయం. అక్కడి శుక్రవారం ఉదయం తూకం వార్తలు మనకు శుక్రవారం రాత్రి ఆలస్యంగా అందుతాయి. నా ఆఖరి పేర్లు శనివారమే ఇస్తాను. బుధవారం అడిగితే, బౌట్ ఎలా సాగుతుందనుకుంటున్నానో మాత్రం చెప్పగలను.